డిస్కౌంట్ ఎంతిస్తారని అడగకండి

కొత్త కారు కొనబోయేవాళ్లు ఎవరు సలహా అడిగినా మొదటి ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది: "డిస్కౌంట్ ఎంతవరకు లాగొచ్చు?" ఆ ప్రశ్నతో షోరూమ్‌లో అడుగుపెడితే బేరం సగం అక్కడే పోయినట్టని నా గట్టి అభిప్రాయం. డిస్కౌంట్ అంటే డీలర్ తాను వేసిన అంకెలోంచి తనకు వీలైనంత కొట్టేసి చూపించే లెక్క. దేంట్లోంచి కొట్టేశాడో, కొట్టేసినదాన్ని కింద ఏ వరసలో మళ్లీ కలిపాడో అందులో కనబడదు. అడగాల్సింది ఇంకొకటి. తాళాలు నా చేతికొచ్చే రోజుకి నేను కట్టాల్సిన డబ్బు మొత్తం ఎంత? పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, డీలర్ వేసే చార్జీలు అన్నీ కలిపి ఒక్క అంకె. అదీ నోటిమాటగా కాదు, కాగితం మీద.

చూడటానికి చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ డిస్కౌంట్ గురించి మాట్లాడుతున్నంతసేపూ మనం డీలర్ ఎంచుకున్న చోట బేరమాడుతున్నాం. మొత్తం గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే అతను ఎక్కడ తగ్గించాడో, ఎక్కడ పెంచాడో వాటంతటవే బయటపడతాయి.

డీలర్‌కి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. కొత్త కారు అమ్మితే వచ్చే మార్జిన్ బయటివాళ్లు ఊహించుకునేంత పెద్దది కాదు. మామూలు మోడళ్ల మీద అది చాలా చోట్ల పది శాతం లోపే. షోరూమ్ అద్దె, జీతాలు, కరెంటు అందులోంచే పోవాలి. అందుకే కారు చుట్టూ ఉన్నవాటి మీద డీలర్ ఎక్కువ ఆధారపడతాడు. లోన్ ఇప్పిస్తే బ్యాంకు నుంచి కమిషన్. ఇన్సూరెన్స్ చేయిస్తే ఆ కంపెనీ నుంచి కమిషన్. సీటు కవర్లు, మ్యాట్లు, కోటింగులు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, వీటిలో మార్జిన్ కారు మీద కంటే చాలా ఎక్కువ. మన పాత కారుని తక్కువకి తీసుకుని ఎక్కువకి అమ్ముకుంటే అదొక లాభం. ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వీసు, స్పేర్ పార్టులు.

కాబట్టి కారు ధరలో కొంచెం వదులుకోవడం డీలర్‌కి పెద్ద కష్టమేమీ కాదు. మనం ఆ తగ్గింపు చూసి మురిసిపోయి, మిగతా కాగితాల మీద చూడకుండా సంతకాలు పెడితే అతని లెక్క సరిపోతుంది.

కంపెనీ నుంచి డీలర్‌కి వచ్చే డబ్బు సంగతి మనకు అసలు కనబడదు. నెలకో, మూడు నెలలకో ఇన్ని కార్లు అమ్మాలని కంపెనీ టార్గెట్ పెడుతుంది. ఆ అంకె దాటితే బోనస్, అది కూడా చాలాసార్లు ఆ కాలంలో అమ్మిన ప్రతి కారు మీదా. టార్గెట్‌కి రెండు మూడు కార్ల దూరంలో ఉన్న డీలర్ ఒక కారుని నష్టానికి అమ్మినా మొత్తం మీద లాభపడతాడు. అమెరికాలో హోల్డ్‌బ్యాక్ అనే పద్ధతి ఉంది. చాలా కంపెనీలు కారు అమ్ముడయ్యాక ధరలో రెండు మూడు శాతం దాకా డీలర్‌కి వెనక్కి ఇస్తాయి. డీలర్ చూపించే ఇన్‌వాయిస్ ధరలోంచి దాన్ని తీసేసి చూపించరు. "ఇదిగో సార్, మాకు పడిన ధరే ఇది, మీకు అదే ధరకి ఇస్తున్నాం" అన్నప్పుడు ఆ కాగితం నిజమైనదే కావచ్చు. కానీ ఆ కాగితం దగ్గరే లెక్క ఆగిపోదు.

ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. షోరూమ్‌లో, యార్డులో ఉన్న కార్లలో చాలా భాగం డీలర్ అప్పు తెచ్చి పెట్టినవి. అమ్ముడుపోని కారు మీద రోజూ వడ్డీ పడుతూనే ఉంటుంది. నాలుగు నెలలుగా యార్డులో నిలబడి ఉన్న ఒక రంగు, ఒక వేరియంట్ వదిలించుకోవాలని డీలర్‌కి మనకంటే ఎక్కువ తొందర. మనం వెళ్లి కూర్చున్న టేబుల్ దగ్గర ఇదేమీ కనబడదు, మన టెన్షన్ మాత్రమే మనకు కనబడుతుంది. ఎదుటివాళ్లకి కూడా టెన్షన్ ఉంటుందని గుర్తుంటే గొంతు దానంతటదే నిదానిస్తుంది.

ఒకసారి అక్క కారు కొంటుంటే తోడు వెళ్లాను. సేల్స్ కుర్రాడు మంచినీళ్లు ఇచ్చి, కారు చూపించి, కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట: "మేడమ్, నెలకి ఎంత ఈఎంఐ అయితే మీకు కంఫర్ట్‌గా ఉంటుంది?" అక్క నవ్వి, "అది తర్వాత చూద్దాం బాబూ. ముందు కారు బయటికి తీసుకెళ్లడానికి నేను కట్టాల్సిన మొత్తం ఎంతో రాసివ్వు" అంది. అతను లోపలికి వెళ్లి ప్రింటు తీసుకొచ్చాడు. పైన పెద్ద అక్షరాల్లో డిస్కౌంట్, కింద చిన్న అక్షరాల్లో ఓ డజను వరసలు.

అక్క పెన్ను తీసి ఒక్కో వరస మీద పెట్టి ఒకే ప్రశ్న అడుగుతూ పోయింది. "ఇది ఎవరికి వెళ్తుంది?"

పన్ను. "గవర్నమెంట్‌కి మేడమ్."

రిజిస్ట్రేషన్ ఫీజు. "అదీ గవర్నమెంట్‌కే."

ఇన్సూరెన్స్. "ఇన్సూరెన్స్ కంపెనీకి మేడమ్." అక్క పెన్ను అక్కడే ఆపింది. "మీ దగ్గరే చేయించాలా?" అతను ఒక్క క్షణం ఆగి, "బయట కూడా చేయించుకోవచ్చు మేడమ్, కానీ క్లెయిమ్ వచ్చినప్పుడు మా దగ్గరైతే ఈజీగా అయిపోతుంది" అన్నాడు.

హ్యాండ్లింగ్ చార్జీలు. "అంటే కారు గోడౌన్ నుంచి తేవడం, కడగడం, రెడీ చేయడం..." "అంటే మీకే కదా?" "అవును మేడమ్."

ఎసెన్షియల్ కిట్. అందులో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, కారు కవరు, ఓ పర్‌ఫ్యూమ్ సీసా. "ఇది వద్దంటే కారు ఇవ్వరా?" "ఇస్తాం మేడమ్. అందరూ తీసుకుంటారు."

పెయింట్ ప్రొటెక్షన్. అది కూడా వాళ్లకే.

డీలర్‌కి వెళ్లే ప్రతి వరస పక్కన అక్క ఒక చుక్క పెట్టింది. చివర్లో చుక్కలున్న వరసలు మాత్రమే ఫోన్‌లో కూడింది. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న డిస్కౌంట్ కంటే ఆ మొత్తమే ఎక్కువ. కుర్రాడి మీద కోప్పడలేదు, గొంతు పెంచలేదు. "ఈ చుక్కలున్నవి తీసేసి మళ్లీ ఒక మొత్తం వేసి తీసుకురా బాబూ, ఇన్సూరెన్స్ నేను బయట రేటు కూడా కనుక్కుంటాను" అంది. అతను మేనేజర్ దగ్గరికి వెళ్లొచ్చాడు. కొన్ని వరసలు పోయాయి, కొన్ని సగమయ్యాయి, ఇన్సూరెన్స్ రేటు మాత్రం చెప్పకుండానే తగ్గింది.

బేరం గురించి నాకు తెలిసినదాంట్లో అంత పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి లేదు. ఆ కాగితం మీద ఉన్న ప్రతి డబ్బూ వెళ్లేది మూడు చోట్లకే: ప్రభుత్వానికి, బ్యాంకు లేదా ఇన్సూరెన్స్ కంపెనీ లాంటి బయటి సంస్థకి, డీలర్‌కి. మొదటిదాంట్లో బేరం లేదు, రసీదు మాత్రం అడగాలి. రెండోదాంట్లో బేరం డీలర్‌తో కాదు, బయట నాలుగు చోట్ల రేటు కనుక్కోవడమే బేరం. మూడోదాంట్లో ప్రతి వరసా, దానికి ఏ పేరు పెట్టినా, బేరానికి వస్తుంది. డాక్యుమెంటేషన్, ప్రాసెసింగ్, లాజిస్టిక్స్, ఫెసిలిటేషన్, పేరు ఎంత గంభీరంగా ఉంటే అంత జాగ్రత్తగా చూడాలి. "ఇది ఫిక్స్‌డ్ సార్, సిస్టమ్‌లో తీసేయడానికి రాదు" అంటే వాదించక్కర్లేదు. ఆ వరస అలాగే ఉంచి, అంత మొత్తం కారు ధరలో తగ్గించమనండి. మనకు కావాల్సింది కింద ఉన్న మొత్తం తగ్గడమే.

ఇక ఈఎంఐ. "నెలకి ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకి మాత్రం ఏ పరిస్థితిలోనూ జవాబు చెప్పకండి. అది మర్యాదగా అడిగే ప్రశ్నే. చాలామంది నిజాయితీగా తమ జీతం, ఇంటి ఖర్చులు లెక్కేసుకుని ఒక అంకె చెబుతారు. ఆ క్షణం నుంచి డీలర్ పని తేలికైపోతుంది. కారు ధర, వడ్డీ, కాలవ్యవధి అనే మూడింటినీ అటూ ఇటూ జరిపి ఆ నెలసరి అంకెకి తెస్తే చాలు. అమెరికా డీలర్ల దగ్గర దీనికోసం ఒక పాత కాగితమే ఉంది. నాలుగు గడులు గీసి, పాత కారు విలువ, కొత్త కారు ధర, ముందు కట్టే డబ్బు, నెలసరి వాయిదా అని రాస్తారు. కొనేవాళ్లు ఒక గడి దగ్గర గట్టిగా నిలబడితే ఇంకో గడిలో సర్దేస్తారు.

అంకెల్లో చూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. 10 లక్షల అప్పు, ఏడాదికి 9 శాతం వడ్డీ అనుకుందాం. 5 ఏళ్లయితే నెలకి సుమారు 20,758. అదే 7 ఏళ్లు చేస్తే సుమారు 16,089. నెలకి నాలుగు వేలకు పైగా తగ్గింది కాబట్టి ఎవరికైనా హాయిగానే ఉంటుంది. కానీ మొత్తం వడ్డీ చూడండి. 5 ఏళ్లకి రెండు లక్షల 45 వేల చిల్లర, 7 ఏళ్లకి మూడు లక్షల 51 వేలు. అంటే లక్ష పైచిలుకు ఎక్కువ కట్టాం. దాని మీద రెండు రోజులు కష్టపడి పదిహేను వేల డిస్కౌంట్ సాధించామని చెప్పుకుంటే ఏం లాభం?

వడ్డీ రేటులో ఒక్క శాతం కూడా తక్కువదేం కాదు. పైన చెప్పిన 5 ఏళ్ల అప్పునే 9కి బదులు 10 శాతానికి తీసుకుంటే మొత్తం మీద దాదాపు 29 వేలు ఎక్కువ పడుతుంది. బ్యాంకు ఒక రేటుకి ఒప్పుకుంటే డీలర్ దాని మీద కొంత కలిపి మనకు చెప్పే ఏర్పాటు చాలా దేశాల్లో ఉండేది, కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. రేటు ఎంత పెంచితే డీలర్‌కి అంత కమిషన్ వచ్చే ఈ పద్ధతిని బ్రిటన్‌లో ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2021 జనవరిలో నిషేధించింది. ఒక నియంత్రణ సంస్థ కల్పించుకోవాల్సి వచ్చిందంటే అది ఎక్కడో ఒకరిద్దరు చేసిన పని కాదని అర్థం. అందుకే షోరూమ్‌కి వెళ్లకముందే మీ బ్యాంకులో లోన్ మంజూరు చేయించుకుని ఉంచండి. డీలర్ అంతకంటే తక్కువకి ఇప్పిస్తే సంతోషంగా తీసుకోవచ్చు. కానీ పోల్చుకోవడానికి ఒక రేటు చేతిలో ఉండాలి.

ఫ్లాట్ రేటు అనే మాట వినబడితే ఇంకా జాగ్రత్త. 5 ఏళ్లకి 7 శాతం ఫ్లాట్ అంటే, మనం అసలు తీరుస్తూ పోతున్నా మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. మామూలుగా బ్యాంకులు చెప్పే, మిగిలిన అప్పు మీదే వడ్డీ వేసే తగ్గుతూపోయే పద్ధతిలో అది సుమారు పన్నెండున్నర శాతం. ఏడు, తొమ్మిది పక్కపక్కన పెట్టి చూస్తే ఏడే తక్కువనిపిస్తుంది, నిజానికి కాదు. సున్నా వడ్డీ ఆఫర్లకి కూడా ఒకటే పరీక్ష. "ఈ ఆఫర్ వద్దు, పూర్తి డబ్బు ఇప్పుడే కడితే మొత్తం ఎంత?" అని అడగండి. రెండు మొత్తాలకీ మధ్య తేడా ఉంటే ఆ తేడాయే వడ్డీ.

పాత కారు ఎక్స్చేంజ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కొత్త కారు మొత్తం కాగితం మీదకి వచ్చేదాకా పాత కారు ఊసెత్తకండి. ముందే బయట ఒకటి రెండు చోట్ల దాని ధర కనుక్కుని ఉంచుకోండి. రెండు బేరాలూ కలిపేస్తే, పాతదానికి ఎక్కువ ఇచ్చినట్టు చూపించి కొత్తదాంట్లో పట్టుకోవడం చాలా సులువు. ఎక్స్చేంజ్ బోనస్ అని కంపెనీ ప్రత్యేకంగా ఇస్తుంటే అది వేరే వరసలో కనబడాలి, పాత కారు విలువలో కలిసిపోకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. బేరం ఒక కళ అనీ, చేతనైనవాడికి తక్కువకి వస్తుందనీ, చేతకానివాడు ఎక్కువ కడతాడనీ, అందులో తప్పేముందనీ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఇయాన్ ఏర్స్, పీటర్ సీగల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో ప్రాంతంలో చేసిన పరిశీలన 1995లో అచ్చయింది. వేరువేరు మనుషులకి ఒకే రకంగా మాట్లాడటం, ఒకే రకంగా బేరమాడటం నేర్పించి కొత్త కార్ల డీలర్ల దగ్గరికి జంటలు జంటలుగా పంపారు. అలాంటి పరీక్షలు 300కి పైగా చేశారు. మాట ఒకటే, తీరు ఒకటే. అయినా తెల్లజాతి మగవాళ్లకి చెప్పిన ధరలు ఆడవాళ్లకీ నల్లజాతివాళ్లకీ చెప్పినవాటికంటే స్పష్టంగా తక్కువ ఉన్నాయి. అక్కడ తేడా బేరమాడే నేర్పులో లేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి "ఈమె ఎంత దాకా ఇస్తుంది" అని వేసిన అంచనాలో ఉంది.

ఆ అంచనా ఎక్కడైనా వేస్తారు. కట్టుకున్న బట్టలు చూసి, వయసు చూసి, మాట్లాడే తీరు చూసి, ఆడమనిషి ఒంటరిగా వస్తే "ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడతారా మేడమ్" అని అడిగి. అందుకే ముఖాముఖి కూర్చోకముందే రాతపూర్వకంగా ధర తెప్పించుకోమని నేను ఇంత గట్టిగా చెప్పేది. ఇది ఉట్టి నమ్మకం కాదు. అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా కార్లు కొనడం మొదలైన కాలంలో ఫియోనా స్కాట్ మోర్టన్, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్, హోర్హే సిల్వా-రిస్సో కలిసి లెక్కలు తీశారు. నేరుగా షోరూమ్‌లో కొన్న నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) కొనుగోలుదారులు మిగతావాళ్లకంటే దాదాపు 2 శాతం ఎక్కువ కట్టారు. ఇంటర్నెట్ ద్వారా ధర తెప్పించుకుని కొన్నవాళ్లలో ఆ తేడా దాదాపు లేకుండా పోయింది. ఈమెయిల్‌కి ముఖం ఉండదు, కూర్చున్న తీరు ఉండదు, చేతిగడియారం ఉండదు. అవతలివాళ్లకి తెలిసేది ఒక్కటే, ఈ మనిషి ఇంకో నలుగురు డీలర్లని కూడా అడుగుతున్నాడని.

ధర దాచిపెట్టడం వల్ల నష్టపోయేది ఎవరో ప్రభుత్వాలకి తెలియక కాదు. అమెరికాలో 1958లో సెనేటర్ మైక్ మన్రోనీ చొరవతో ఒక చట్టం వచ్చింది. అప్పటినుంచి అక్కడ ప్రతి కొత్త కారు కిటికీ మీద కంపెనీ సూచించిన ధర, అదనపు సామాగ్రి ధర, రవాణా ఖర్చు రాసిన కాగితం అంటించి ఉండాలి. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతకుముందు ఒకే కారుకి ఏ డీలర్ ఏ ధర చెబితే అదే ధర. బేరమే వద్దు, అందరికీ ఒకటే ధర అని జనరల్ మోటార్స్ సాటర్న్ పేరుతో ఒక కొత్త బ్రాండ్ మొదలుపెట్టి 1990లో కార్లు అమ్మకానికి తెచ్చింది. ఆ పద్ధతి జనానికి బాగా నచ్చింది. బ్రాండ్ 2010లో మూతపడింది కానీ దానికి కారణాలు వేరే, ముఖ్యంగా కంపెనీ దివాలా. ఇప్పుడు టెస్లా డీలర్లు లేకుండా నేరుగా ఒకే ధరకి అమ్ముతోంది. అందరికీ ఒకే ధర అంటే తక్కువ ధర అని కాదు. టెస్లా ధరలు వారాల తేడాలోనే మారిన సందర్భాలున్నాయి. కానీ ఒకే రోజు, ఒకే కారు కొన్న ఇద్దరు ఒకే డబ్బు కడతారు. నాకు అది న్యాయంగా అనిపిస్తుంది. డీలర్లందరూ ఆ దారికి వచ్చేదాకా మాత్రం మనం ఎవరికి వాళ్లం మొత్తం అడిగి రాయించుకోవాల్సిందే.

దీనికి జవాబుగా వినబడే మాట ఒకటుంది. డీలర్ కూడా బతకాలి కదా, సేల్స్ కుర్రాడికి ఇన్సెంటివ్ రావాలి కదా అని. తప్పకుండా రావాలి. అతని పని నాకు గౌరవమే, ఎండలో నిలబడి పదిమందికి టెస్ట్ డ్రైవ్ ఇస్తే ఒకరు కొంటారు. అందుకే అబద్ధాలాడి బేరమాడమని నేను ఎవరికీ చెప్పను. కారు నచ్చనట్టు నటించడం, లేని కొటేషన్ ఉందని చెప్పడం అవసరం లేదు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? "నాకు ఈ కారే కావాలి, ఈ నెలలోనే కొంటాను, మొత్తం సరిపోతే మీ దగ్గరే కొంటాను" అని చెప్పడమే మన బలం. ఊరికే చూసిపోయేవాళ్లతో విసిగిపోయిన కుర్రాడికి అంతకంటే వినసొంపైన మాట ఉండదు. మేనేజర్ దగ్గర మన తరఫున వాదించేది కూడా అతనే.

మేనేజర్ అంటే గుర్తొచ్చింది. "అడిగి వస్తాను సార్" అని లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలు రాకపోవడం, వచ్చాక ఇంకో చిన్న తగ్గింపు తేవడం, మళ్లీ వెళ్లడం, ఇది చాలా చోట్ల జరిగేదే. నిజంగానే ఆ కుర్రాడి చేతిలో అధికారం తక్కువ. కానీ ఆ కూర్చోబెట్టడంలో మనం అలసిపోతాం, ఆకలేస్తుంది, పిల్లలు విసిగిస్తారు, ఇక చాల్లే అనిపిస్తుంది. దానికి విరుగుడు తేలిక. "మీరు మాట్లాడి నాకు మెసేజ్ పెట్టండి, నేను ఇంటికెళ్తాను" అని లేచి రావడమే. "ఈ రోజుతో ఆఫర్ అయిపోతుంది" అంటారు. నెలాఖరున కంపెనీ స్కీము నిజంగా ముగియొచ్చు, కాబట్టి అది ఎప్పుడూ అబద్ధమే అనలేం. కానీ ఈ సాయంత్రం ఆరింటికల్లా ముగిసే స్కీము మాత్రం చాలా అరుదు.

బేరం అసలు పనిచేయని రోజులు కూడా ఉంటాయి. 2021లో సెమీకండక్టర్ చిప్‌ల కొరత వచ్చినప్పుడు ప్రపంచమంతా కార్లు దొరకలేదు. అమెరికాలో చాలామంది డీలర్లు కంపెనీ ధర మీద ఇంకా కలిపి అమ్మారు, కొనేవాళ్లు కొన్నారు. కొత్తగా వచ్చిన మోడల్‌కి నెలల కొద్దీ వెయిటింగ్ ఉన్నప్పుడు కూడా అంతే, డీలర్ ఎందుకు తగ్గిస్తాడు? అప్పుడు చేయగలిగినవి రెండే. వేచి ఉండటం, లేదా రంగో వేరియంటో మార్చుకోవడం. అలాంటప్పుడు కూడా డీలర్ వేసే అదనపు వరసలు తీసేయించుకోవచ్చు. "త్వరగా కావాలంటే కిట్ తీసుకోండి" అన్నచోట కాగితం మీద అలా రాసివ్వమని అడిగి చూడండి, చాలాసార్లు ఆ షరతు మాయమవుతుంది.

తగ్గింపు ఎక్కువ వస్తున్నప్పుడు ఎందుకు వస్తోందో కూడా తెలుసుకోవాలి. మోడల్ మారబోతుంటే, ఏడాది మారబోతుంటే, యార్డులో ఎక్కువ కాలం ఉంటే తగ్గిస్తారు. తీసుకోవచ్చు, కానీ తెలిసి తీసుకోవాలి. కారు ఎప్పుడు తయారైందో చాసిస్ నంబర్ అని మనం పిలిచే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే వీఐఎన్ ద్వారా, కారు మీద అతికించిన ప్లేటు ద్వారా తెలుస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆ తయారీ సంవత్సరమే. నెలల తరబడి కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ బలహీనపడుతుంది, టైర్లు ఒకే వైపు బరువు మోస్తాయి. అవి మార్చి ఇమ్మని అడగడం కూడా బేరంలో భాగమే. బుకింగ్ కట్టేముందే అడగాలి, కట్టాక అడిగితే పని కాదు.

సరే, నేను పంపే మెసేజ్ ఎలా ఉంటుందో చెబుతాను. మోడల్, వేరియంట్, రంగు రాసి, ఇలా రాస్తాను: "ఈ నెలలో కొనాలనుకుంటున్నాను. తాళాలు ఇచ్చేనాటికి నేను కట్టాల్సిన మొత్తం వరసలవారీగా పంపండి. యాక్సెసరీలు వద్దు. ఇన్సూరెన్స్ ఉన్న ధర, లేని ధర విడివిడిగా చెప్పండి. లోన్ నేనే చూసుకుంటున్నాను, మీ దగ్గర తక్కువ రేటు ఉంటే చెప్పండి. కారు తయారైన నెల, సంవత్సరం కూడా రాయండి. ఇంకొందరు డీలర్లని కూడా ఇదే అడుగుతున్నాను." ఇదే మెసేజ్, ఒక్క అక్షరం మార్చకుండా, దగ్గర్లో ఉన్న డీలర్లందరికీ వెళ్తుంది. కొందరు "షోరూమ్‌కి రండి సార్, మాట్లాడుకుందాం" అంటారు. వాళ్లని ఇంకోసారి అడుగుతాను, అప్పటికీ రాసివ్వకపోతే వదిలేస్తాను. రాసిచ్చినవాళ్లలో అందరికంటే తక్కువ చెప్పినవాళ్ల కాగితాన్ని ముందుగా అనుమానిస్తాను, ఏదో ఒక వరస మర్చిపోయి ఉంటారని. అన్ని వరసలూ ఉన్నాయని తేలాక, మనకు దగ్గరగా ఉండి సర్వీసు బాగుంటుందని పేరున్న డీలర్‌కి ఆ మొత్తం చెప్పి, "ఇంతకి ఇవ్వగలరా?" అని ఒక్కసారి అడుగుతాను. కాస్త ఎక్కువైనా వాళ్లకే మొగ్గుతాను, ఎందుకంటే వచ్చే అయిదేళ్లు వెళ్లేది అక్కడికే.

బుకింగ్ డబ్బు కట్టేటప్పుడు రసీదు మీద ఒప్పుకున్న మొత్తం, వేరియంట్, రంగు, తయారీ సంవత్సరం, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారో రాయించుకోవాలి. డెలివరీ రోజు పూలదండ, ఫొటోల హడావుడి మొదలయ్యేలోపు, మిగతా డబ్బు కట్టేలోపు, ఫైనల్ బిల్లుని ఆ రసీదుతో పక్కపక్కన పెట్టి చూడాలి. రిజిస్ట్రేషన్‌కి పంపేముందే పగటి వెలుతురులో కారు చుట్టూ తిరిగి పెయింటు, అద్దాలు, టైర్లు, ఓడోమీటర్, చాసిస్ నంబర్ సరిచూసుకోవాలి. బిల్లులో కొత్త వరస ఏదైనా కనబడితే మళ్లీ అదే ప్రశ్న అడగాలి, ఇది ఎవరికి వెళ్తుందని. జవాబు "మాకే" అయితే అది తీసేసి బిల్లు మార్చాకే డబ్బు కట్టాలి.